నాలుగో మెషిన్ మీద బంగారమ్మ పేరు

దెయ్యాన్ని చూశామనేవాళ్ళని నేను ఒక్కరోజు కూడా నమ్మలేదు. పలాసలో జీడి ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి కూర్చుని పప్పు ఒలిచినదాన్ని. అక్కడ పక్కన కూర్చున్న ప్రతి మనిషి దగ్గరా ఇలాంటి కథ ఒకటి ఉండేది. ఒకామెకి జీడితోటలో తెల్లచీర కనబడిందట. ఇంకొకామెకి పోయిన అత్త నూతి దగ్గర కనబడిందట. "కనబడితే కనబడింది గానీ, నీ పప్పు బద్దలైపోతంది సూసుకో" అనేదాన్ని. కొన్నాళ్ళకి నా దగ్గర అలాంటి కబుర్లు చెప్పడం మానేశారు.

మాది క్రైస్తవ కుటుంబం, బాప్టిస్టు సంఘం. అమ్మవార్లు, పూనకాలు మా ఇంట్లో లేవు. నలభై దాటాక మా చర్చిలో సాయంత్రం బడి పెడితే బైబిలు చదువుకోవడానికి అక్షరాలు నేర్చుకున్నాను. కాబట్టి నా రాతలో తప్పులుంటాయి. సంగతిలో మాత్రం తప్పు లేదు. ఇది ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే, రాద్దామని కూర్చున్నప్పుడల్లా నేను చూసిన ఆ ముసలామె కంటే ముందు ఆ సెంటరు వాళ్ళ మొహాలు గుర్తొచ్చేవి. పుస్తకం మూసేసేదాన్ని.

నాకు ఒక తమ్ముడు, దానియేలు. నన్ను అప్పా అని పిలుస్తాడు, మా వైపు అక్కని అలాగే అంటారు. పెళ్ళి చేసుకోలేదు. మా ఆయన పోయాక ఇంట్లో మేమిద్దరమే. వజ్రపుకొత్తూరు వైపు తోటల్లో కొబ్బరికాయలు దింపేవాడు. మా ఉద్దానంలో కిడ్నీలు పోవడం గురించి మీరు వినే ఉంటారు. వాడికీ పోయాయి. మొదట పాదాలు వాచాయి, తరవాత మొహం వాచింది, తరవాత డయాలసిస్‌లో పడ్డాడు. వారానికి మూడుసార్లు పలాస వెళ్ళి, మెషిన్ మీద పడుకుని ఒంట్లో నీరు, చెడు తీయించుకోవాలి. ఒకసారి తప్పితే ఊపిరి ఆడదు. ఇంకోసారి తప్పితే మనిషి దక్కడం కష్టం. ఈ మాట నాకు ఏ డాక్టరూ చెప్పక్కర్లేదు, మా వీధిలోనే చూశాను.

మేము వెళ్ళే డయాలసిస్ సెంటరు సర్కారుది కాదు. ఒక ట్రస్టు వాళ్ళది. పేరు రాయను, రాస్తే అదీ ఒక ప్రచారమే వాళ్ళకి. ఇప్పుడది చేతులు మారిపోయింది.

అక్కడ దానియేలుది నాలుగో మెషిన్. పక్కన మూడో మెషిన్ మీద అప్పన్న అని అక్కుపల్లి మనిషి పడుకునేవాడు. సముద్రం మీద వేటకి వెళ్ళి బతికినవాడు. వాడి భార్య గున్నమ్మ, నేను బయట బెంచీ మీద కూర్చునేవాళ్ళం. లోపల వీళ్ళిద్దరూ పక్కపక్కన పడుకుని గొట్టాల్లో రక్తం తిరుగుతుంటే పరాచికాలాడుకునేవారు. కులం, మతం వేరైనా బావా, బావా అనే పిలుచుకునేవారు.

"ఒరే బావా, నీకు కొబ్బరినీళ్ళు తాగొద్దన్నారు. నాకు ఎండుసేపలు తినొద్దన్నారు. మనం వూళ్ళు మార్సేసుకుందామేటి?" అనేవాడు అప్పన్న.

"మీ వూరొత్తే ఆ వాసనకే సచ్చిపోతాను. ఈ రోగంతోనే సావనీ" అనేవాడు మావాడు.

నర్సమ్మలు కూడా నవ్వేవారు. ఆ గదిలో నవ్వు వినబడిందంటే అది ఆ ఇద్దరి వల్లే.

ఎవరు ఏ పూట రావాలో అప్పట్లో టెక్నీషియన్ రమణ ఒక నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాసేవాడు. ఎవరికైనా ఆయాసం ఎక్కువైతే ఇంకొకరు "ముందు ఆడిని ఎక్కించు బాబూ" అని తప్పుకునేవారు. బోర్డు మీద చేత్తో చెరిపి మళ్ళీ రాసేవాడు. అంతే పని.

ట్రస్టు వాళ్ళకి అది నచ్చలేదు. విశాఖపట్నంలో ఒక కంపెనీ చేత కంప్యూటరు మీద కొత్త ఏర్పాటు చేయించారు. వెబ్ అప్లికేషన్ అన్నారు దాన్ని. మీ వంతు ఎప్పుడో మీ ఫోనుకే మెసేజీ వస్తుంది. సెంటరుకి వచ్చాక కౌంటరు దగ్గర చిన్న పెట్టె మీద బొటనవేలు పెట్టాలి. అప్పుడు గోడ మీద టీవీలో మీ పేరు ఆకుపచ్చగా మారుతుంది. మారితేనే స్టోరులోంచి మీ పేరున గొట్టాలు, ఫిల్టరు ఉన్న ప్యాకెట్ బయటకొస్తుంది. ప్యాకెట్ లేనిదే మెషిన్ ఎక్కించడానికి లేదు. వినడానికి బాగానే ఉంది.

కంపెనీ నుంచి ఇద్దరు వచ్చారు. మెడలో కార్డు వేసుకున్న మేనేజరు ఒకడు. శిరీష అని ఒక పిల్ల, టెక్కలి పక్కన నందిగాం వైపు పిల్లే. కౌంటరు వెనక లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేవారు. ఆ రోజుల్లో మా ఫోన్లకి పిచ్చి మెసేజీలు వచ్చేవి. దానియేలుకి "శ్రీమతి దానియేలు గారూ" అని వచ్చింది. గున్నమ్మ ఫోనుకి ఎవరిదో రక్తపరీక్ష వచ్చింది. అడిగితే మేనేజరు చెవిలో తీగ తీయకుండానే, "టెస్టింగ్ జరుగుతోందండీ, కంగారు పడకండి" అనేవాడు.

ఒకరోజు శిరీషని పట్టుకున్నాను.

"టెస్టింగంటే ఏటే గుంటా?"

"పని సేత్తందో నేదో సూడ్డం మామ్మా."

"సూసుకో, ఎవులొద్దన్నారు? మా పేర్ల మీదెందుకు?"

"ఉత్తుత్తి పేర్లతో విశాఖపట్నంలోనే సూసేసినాం మామ్మా. అప్పుడన్నీ బాగున్నాయి. అసలు మనుషుల పేర్లు, అసలు ఫోన్లు పెడితేనే తప్పులు బయటపడతాయి."

"బయటపడితే?"

"దిద్దుతాం."

"దిద్దేలోగా మేమేటైపోవాలే?"

ఆ పిల్ల తల దించుకుంది. వేరేగా నకలు తీసుకుని దాని మీద చూడాలట, పద్ధతి అదేనట. మేనేజరుకి తొందరైపోయి నడుస్తున్న జాబితా మీదే చూడమన్నాడట. ఇది ఆ పిల్లే గొంతు తగ్గించి చెప్పింది.

కొత్త తిరగలి తెస్తే మా ఇళ్ళల్లో మొదట ఊక పోసి తిప్పుతాం. రాతిపొడి పోయేదాకా తిప్పి, ఆ ఊక పారబోసి, అప్పుడు బియ్యం పోస్తాం. వీళ్ళు మొదటి వాయిలోనే మమ్మల్ని పోశారు. ఈ మాట మేనేజరుతో అంటే నవ్వి, "మామ్మగారు భలే మాట్లాడతారు" అన్నాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఈరోజుకీ నాకు అన్నం సహించదు.

ఇక ఆ సోమవారం సంగతి. మధ్యలో ఆదివారం వచ్చేసరికి సోమవారం పూట అందరికీ కష్టమే, ఒంట్లో నీరు ఎక్కువ చేరిపోతుంది. దానియేలు మొహం ఉబ్బిపోయింది. ఆటో దిగి మెట్టెక్కడానికి నా భుజం పట్టుకుని ఆగి ఆగి ఎక్కాడు. బెంచీ మీద కూర్చోబెట్టి టీవీ వైపు చూశాను. నాలుగో మెషిన్ ఎదురుగా దానియేలు పేరు లేదు. "బంగారమ్మ" అని ఉంది. మూడో మెషిన్ ఎదురుగా ఏవో ఇంగ్లీషు అక్షరాలున్నాయి. అప్పన్న, గున్నమ్మ ఇంకా రాలేదు. బస్సు ఆలస్యమేమో అనుకున్నాను.

కౌంటరులో ఉన్న అమ్మాయిని అడిగాను.

"మీ తమ్ముడిది రేపు సాయంత్రానికి మారింది పెద్దమ్మా" అంది.

"ఎవులు మార్సినారు? మా ఫోనుకి మెసేజీ రానేదు."

"సిస్టమ్ మార్చింది."

"సిస్టమంటే ఎవులు? పిలు, నాను మాట్లాడతాను."

"మనిషి కాదు పెద్దమ్మా. బంగారమ్మగారిది ఎమర్జెన్సీ అని పెట్టుంది. అందుకే ఆవిడని ముందుకు తెచ్చింది."

"ఏదీ, ఎక్కడుందా బంగారమ్మ?"

"ఇంకా రాలేదు."

"మెషిన్ ఖాళీగుందా?"

"ఖాళీయే."

"మరేటే సూత్తన్నావు? మావోడిని ఎక్కించు!"

రమణ లోపల్నుంచి వచ్చాడు. వాడు మంచివాడు. దానియేలుని చూసి వాడికీ భయమేసింది. కానీ స్టోరు దగ్గర కూర్చున్నతను కదల్లేదు. టీవీలో పేరు పచ్చబడకుండా ప్యాకెట్ ఇస్తే ఉద్యోగం పోతుందని ముందే బెదిరించి ఉంచారు. మార్చాలంటే మేనేజరు మార్చాలి. మేనేజరు టిఫినుకి వెళ్ళాడు, ఫోను ఎత్తడు. శిరీష ఆదివారమని ఇంటికి వెళ్ళి ఇంకా తిరిగి రాలేదు. డాక్టరు శ్రీకాకుళంలో ఉన్నాడు.

మెషిన్ అక్కడ ఖాళీగా ఉంది. దుప్పటి పరిచి ఉంది. మనిషి ఇక్కడ బెంచీ మీద ముందుకి వంగి, నోటితో గాలి పీల్చుకుంటున్నాడు. మధ్యలో ఉన్నది ఒక పేరు. అది కూడా రాని మనిషి పేరు. నేను అరిచిన అరుపులకి బయట ఆటోవాళ్ళు తొంగిచూశారు.

"అప్పా, ఊరుకో. నానింకా సావనేదు" అన్నాడు దానియేలు. అదీ మూడు ముక్కలుగా అన్నాడు. పెదాలు నల్లబడ్డాయి.

అప్పుడు నా వెనక నుంచి ఒక గొంతు వినబడింది.

"ఏటే, ఎందుకలగ అరుత్తన్నావు?"

బెంచీ చివర, మంచినీళ్ళ డ్రమ్ము పక్కన ఒక ముసలామె కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చిందో చూడలేదు. నాకంటే పెద్దది. పసుపు రంగు నేత చీర. చేతులకీ, పాదాలకీ పసుపు రాసుకుని ఉంది. తలంటుకున్నట్టు జుట్టు తడిగా వదిలేసి ఉంది. చెప్పులు లేవు.

ఆమె పక్కన సంచీ లేదు. ఇది నేను అప్పుడే గమనించాను. డయాలసిస్‌కి వచ్చే ఏ మనిషికైనా దుప్పటి, ఫైలు, తినడానికేదో ఉన్న సంచీ ఒకటి ఉంటుంది. తోడు ఒక మనిషి ఉంటుంది. ఈమెకి రెండూ లేవు. ఇంకొకటి, మా వాళ్ళందరికీ సూదులు గుచ్చే చేతి మీద నరం తాడులా ఉబ్బి ఉంటుంది. ఆమె రెండు చేతులూ నున్నగా ఉన్నాయి.

"నీ పేరేటి?" అన్నాను.

"బంగారమ్మ."

నాకు మండిపోయింది. "ఇంతసేపూ ఇక్కడే కూకున్నావా? నీ గురించే గదా ఇక్కడ మా పేనాలు పోతన్నాయి. నీకు కిడ్నీ ఎప్పుడు పోయింది?"

"నాకేటి రోగం?" అంది. నవ్వలేదు, కోపమూ లేదు. "పేరు రాసి పిలిసినారు, వొచ్చినాను."

"రోగం నేకపోతే మరీ వంతెందుకు నీకు?"

ఆమె దానియేలు వైపు చూసింది. కాసేపు అలాగే చూసింది. "బేగి ఎక్కించీ ఈడిని" అని లేచి కౌంటరు దగ్గరకి నడిచింది. అద్దం కింద సందులో ఉన్న ఆ పెట్టె మీద బొటనవేలు పెట్టింది. టీవీలో "బంగారమ్మ" పచ్చబడింది.

ఒక్క సంగతి చెప్పాలి. చెట్లెక్కి అరిగిపోయిన దానియేలు బొటనవేలుని ఆ పెట్టె ఎప్పుడూ ఒక పట్టాన ఒప్పుకునేది కాదు. తుడిచి, నొక్కి, మళ్ళీ తుడిచి పెట్టించేవారు. పసుపు రాసిన ఆమె వేలిని మాత్రం పెట్టగానే ఒప్పుకుంది.

"సూసినావా, వొచ్చింది. తన వంతు మావోడికి ఇచ్చేత్తంది" అన్నాను కౌంటరు అమ్మాయితో.

"అయితే ఆవిడే చెప్పాలి పెద్దమ్మా" అంది.

చెప్పమందామని తిరిగాను. ఆమె లేదు. బెంచీ దగ్గర లేదు, డ్రమ్ము దగ్గర లేదు, గుమ్మంలో లేదు. నేను కౌంటరు అమ్మాయితో రెండు మాటలాడినంత సేపే అది. ఆ హాలుకి ఉన్నది ఒక్కటే గుమ్మం. దానికి అడ్డంగా ఆటోవాళ్ళు నిలబడి ఉన్నారు.

రమణ ఇంక ఎవరినీ అడగలేదు. పేరు పచ్చబడింది కాబట్టి ప్యాకెట్ బయటకొచ్చింది. అది పట్టుకుని దానియేలుని నాలుగో మెషిన్ ఎక్కించేశాడు. కాసేపటికి వాడి పెదాల రంగు మారింది. నన్ను దగ్గరకి పిలిచాడు.

"అప్పా, ఆవిడెవులో గానీ ఇంటికెల్లినాక ప్రార్థనలో ఆవిడ పేరు సెప్పు."

"సెప్తాన్లే. పడుకో."

"అప్పన్న బావేడీ? ఆడు పక్కన నేకపోతే నాకు గాలాడనట్టుంది" అన్నాడు పక్క మెషిన్ చూసి. అది ఖాళీగానే ఉంది.

శిరీష వచ్చింది. ఎదురెళ్ళి, "నీ ఎమర్జెన్సీ బంగారమ్మది ఏ వూరే? ఆవిడకి నాను దండం పెట్టుకోవాల" అన్నాను. ఆ పిల్ల నా మొహం చూసి, టీవీలో పచ్చగా ఉన్న పేరు చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

బంగారమ్మ అనే రోగి లేదు. ఆ పేరు ఈ పిల్లే రాసింది. కొత్త మనిషిని చేర్చడం, ఎమర్జెన్సీ వస్తే వంతులు జరపడం పనిచేస్తున్నాయో లేదో చూడడానికి ఒక పేరు కావలసి వచ్చింది.

"ఏ పేరు రాసినా ఎవరో ఒకరిదైపోతాది మామ్మా. బతికున్న మనిసి పేరు ఈ రోగం కింద రాయడానికి నాకు సెయ్యాడనేదు. మా కళ్ళంలో తొలి కుంచం అమ్మవారి పేరున కొలుత్తారు, తరవాతే మనుషులికి. అలగే తొలి పేరు మా బంగారమ్మ తల్లిది రాసినాను. అమ్మోరికి రోగాలంటవు గదా అని. శనివారం తీసేత్తానంటే సారు వొద్దన్నారు. సోమవారం ట్రస్టోళ్ళకి సూపించాల, ఉంచమన్నారు."

ఈ పిల్ల వెధవ భయం, ఆ మేనేజరు వెధవ తొందర, రెండూ కలిశాయి. నా చెయ్యి లేచింది. ఆ పిల్ల ఏడుస్తుంటే దించుకున్నాను.

తరవాత ఆ పిల్ల చెప్పిందే నాకు అసలు అర్థం కానిది. మా అందరి వేలిముద్రలూ అంతకుముందే తీసుకుని దాచారు. బంగారమ్మ పేరుకి ఏ వేలిముద్రా దాచలేదు. ఎవరిది దాస్తారు? దాచని వేలు ఎలా సరిపోతుంది? కౌంటరు పెట్టె అద్దం మీద పసుపు మరక అలాగే ఉంది. అది నేనూ చూశాను, రమణా చూశాడు.

మేనేజరు వచ్చాడు, పళ్ళు కుట్టుకుంటూ. ప్రోగ్రాములో తప్పు అన్నాడు. ముద్ర లేని పేరుకి ఎవరు వేలు పెట్టినా ఒప్పుకుంటోంది కాబోలన్నాడు. సరే, పెట్టి చూపించమన్నాను. తన వేలు పెట్టాడు, ఒప్పుకోలేదు. కౌంటరు అమ్మాయి పెట్టింది, రమణ పెట్టాడు, నేను పెట్టాను. ఎవరిదీ ఒప్పుకోలేదు. పసుపు తెప్పించి రాసుకుని కూడా పెట్టాడు. ఎర్ర లైటే వెలిగింది.

కౌంటరు అమ్మాయిని అడిగితే, అద్దం కింద సందులోంచి పసుపు రాసిన చెయ్యి మాత్రం చూశానంది. మొహం చూడలేదు. పైన కెమెరా ఉంది కదా అంటే, దానికి వైరే లేదట. చూపుకి పెట్టారట. గుమ్మంలో ఉన్న ఆటోవాళ్ళని అడిగాను. పసుపు చీర మనిషి లోపలికి రావడం గానీ బయటికి పోవడం గానీ వాళ్ళు చూడలేదు. ఎవరో పిచ్చిదో, బిచ్చగత్తో అయి ఉంటుందని పక్క టీకొట్లోనూ, రైల్వే స్టేషను దారిలోనూ అడిగాను. ఎవరికీ తెలియదు. దానియేలు మాత్రం చూశాడు. వాడు చెప్పిన పోలికలూ, నేను చూసిన పోలికలూ ఒక్కటే.

ఇదంతా జరుగుతుండగానే రమణ ఫోను మోగింది. మాట్లాడి ఫోను దించి, నా దగ్గరకొచ్చి చెప్పాడు.

అప్పన్న పోయాడు.

ఆ పొద్దున్న అప్పన్న తయారై సంచీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడట. అప్పుడు ఫోనుకి మెసేజీ వచ్చింది. మీ వంతు వాయిదా పడింది, మళ్ళీ తెలియజేస్తాము అని. సెంటరు వాళ్ళ పేరుతోనే వచ్చింది. నమ్మకేం చేస్తారు? సంచీ లోపల పెట్టి పడుకున్నాడు. తరవాత ఆయాసం వచ్చింది. గున్నమ్మ ఆటో పిలిచి ఎక్కించింది. పలాస చేరకుండానే దారిలో అయిపోయింది. ఆ మెసేజీ కూడా టెస్టింగే. మూడో మెషిన్ మీద అతని పేరు తీసేసి ఉత్తుత్తి అక్షరాలు పెట్టి, వాయిదా మెసేజీ వెళుతుందో లేదో చూశారు. వెళ్ళింది. బాగా పనిచేసింది.

మూడో మెషిన్ పొద్దుటినుంచీ ఖాళీగానే ఉంది.

బుధవారం మళ్ళీ వెళ్ళాం. నాలుగో మెషిన్‌కి బంతిపూల దండ వేసి ఉంది. కింద కొబ్బరిచిప్పలు, పసుపు, కుంకుమ, అగరొత్తులు. రోగులు దగ్గుతుంటే ఆ పొగ. దానియేలుని వేరే మెషిన్ ఎక్కించారు. ట్రస్టు పెద్దలొచ్చి చెప్పులు విప్పి దండం పెట్టుకుంటున్నారు. ఏ ఊరివాళ్ళో ఫోన్లు పట్టుకుని వీడియోలు తీస్తున్నారు. మూడో మెషిన్ దగ్గర మాత్రం కొత్త మనిషి పడుకుని ఉన్నాడు. అప్పన్న పేరెత్తిన మనిషి లేడు. అడిగితే ట్రస్టు పెద్ద ఒకాయన, "కిడ్నీ పేషెంట్లు కదమ్మా, ఎప్పుడేమవుతుందో చెప్పలేం" అన్నాడు.

మేనేజరు నా దగ్గరకి వచ్చాడు. ఇప్పుడు చెవిలో తీగ లేదు, రెండు చేతులూ కట్టుకున్నాడు.

"మామ్మగారూ, మీరు అమ్మవారిని కళ్ళారా చూశారు. ఆ సంగతి ఫోను ముందు రెండు ముక్కలు చెప్పండి. మా సెంటరుకి అమ్మవారే నడిచొచ్చిందంటే ఎంత పేరు!"

"అప్పన్న సంగతి కూడా సెప్పమంటావా?"

"అది వేరే సంగతి. అయినా అమ్మవారు స్వయంగా వచ్చి మీ తమ్ముడిని కాపాడింది కదా. ఇంకా మీకు కంప్లయింటేమిటి?"

నేను చాలా కంపులు చూసిన మనిషిని. జీడితొక్క కాల్చే పొగ చూశాను, చేపలు కుళ్ళిన తీరం చూశాను. ఆ మాటకి వచ్చినంత వెగటు నాకు దేనికీ రాలేదు. నేను చూసిన మనిషిని పట్టుకెళ్ళి వాళ్ళు చేసిన పని మీద దుప్పటిలా కప్పుతున్నారు. అక్కడే కాండ్రించి ఉమ్మాను. అది ఆసుపత్రి, ఉమ్మకూడదని తెలుసు. ఫినాయిలు తెచ్చి నేనే కడిగాను. వీడియో మాత్రం ఇవ్వలేదు.

ఆదివారం మా పాస్టరుగారు పిలిచారు. వచ్చింది అమ్మవారు కాదు, ప్రభువు పంపిన దూత, సంఘం ముందు సాక్ష్యం చెప్పమన్నారు. దూత అయితే పసుపు రాసుకుని, ఆ పేరు చెప్పుకుని ఎందుకొస్తుందండీ అన్నాను. ఆయన నొచ్చుకున్నారు. నొచ్చుకుంటే నేనేం చెయ్యను? ఆమె నాకు చెప్పింది ఒకటే పేరు. నేను ఇంకో పేరు పెట్టలేను, ఆ పేరుకి దండమూ పెట్టలేను.

దానియేలు ఒక్కడే దీన్ని నవ్వుగా తీసుకోవాలని చూశాడు. "అమ్మోరి మంచం మీద బాప్టిస్టోడిని పడుకోబెట్టినావు అప్పా, ఎవులికీ సెప్పకు" అన్నాడు. తరవాత పక్కకి తిరిగి పడుకున్నాడు. వాడి బావ పోయాడు కదా.

శిరీష ఉద్యోగం మానేసింది. మానే ముందు మెసేజీ సంగతి, జాబితా సంగతి పోలీసులకి చెబుతానని గున్నమ్మ ఇంటికి వెళ్ళి మాటిచ్చింది, చెప్పింది కూడా. దానివల్ల ఏమైందో ఇంకా తేలలేదు. ఆ పిల్ల మీద నాకు కోపం పూర్తిగా పోలేదు. కానీ నిజం చెప్పింది ఆ పిల్ల ఒక్కర్తే.

అప్పన్న దినాలయ్యాక నేనూ దానియేలూ అక్కుపల్లి వెళ్ళాం. గున్నమ్మ ఇంటి ముందు చాప మీద కూర్చుని ఉంది. నన్ను పక్కన కూర్చోమని చాప సర్దింది. నీళ్ళిచ్చింది. దానియేలు ఆరోగ్యం అడిగింది. తరవాత అడిగింది.

"అప్పా, ఆవిడ నీతో మాటాడిందంట గదా."

"ఆఁ, మాటాడింది."

"మూడో మెషినేపు సూసిందేటి?"

నేను గుర్తు తెచ్చుకున్నాను. ఆ రోజు ప్రతి ముక్కా నాకు గుర్తే. దానియేలుని చూసింది, కౌంటరుకి నడిచింది, వేలు పెట్టింది. అంతే.

"నేదమ్మా. సూడనేదు."

"మా ఆయన పేరు గానీ, మా వూరు గానీ అడిగిందేటి?"

ఆ మనిషి మొహం చూస్తే, ఔనని చెప్పేయాలనే అనిపించింది. కానీ నేను లేనిది చెప్పలేను.

"అడగనేదే."

గున్నమ్మ తలూపింది. చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"పక్క మెషినే గదప్పా" అంది.

వచ్చిందెవరో నాకు తెలియదు. దాచని వేలు ఎలా సరిపోయిందో, ఆ గుమ్మం ఎలా దాటిందో తెలియదు. ఆమె రాకపోతే నా తమ్ముడు ఆ బెంచీ మీదే పోయేవాడని మాత్రం తెలుసు. అయినా ఆమెని తలుచుకున్నప్పుడల్లా ముందు గున్నమ్మ మాటే వినబడుతుంది, పక్క మెషినే గదప్పా అని.